మన యిండ్లలోని ఊలు అల్లిక

కావ్యములను, నాటకములను, గానకచేరీలను విమర్శించువారు మనలో పెక్కురు గలరు. స్వెట్టరును గూర్చి విమర్శ వ్రాసినవారిని నేనింతవరకు చూడలేదు. అయినను మన యిండ్లలో స్త్రీల చేతులు ఎక్కువ గంటలు వెచ్చించి తయారుచేసిన వస్తువేదియని అడిగినచో, ఇనుపపెట్టెలలో కలరా ఉండల నడుమ మడతపెట్టియున్న ఊలు బట్టలనే చూపవలసి యుండును.

గత శీతకాలమున మన సంఘమందిరములో స్త్రీలు తమ తమ యిండ్లనుండి చేతి అల్లికలను తెచ్చి మూడు బల్లలమీద పరచిరి. ఏది ఎవరిదో తిరిగి అప్పగించుటకు పట్టిక వ్రాయువాడొకడు కావలసివచ్చెను. జీవితమంతయు పద్దులు వ్రాసినవాడనని ఆ పని నాకొప్పగించిరి. వస్తువు, అల్లినవారు, ఊలు రకము, స్థితి అని నాలుగు గడులు గీసితిని. ‘స్థితి’ యను గడి నింపుటకై ప్రతి వస్తువును తిరగవేసి చూడవలసివచ్చెను. పట్టికను ఇంటికి తెచ్చుకొని చదువగా తోచిన సంగతులే యీ వ్యాసము. అల్లిక నాకు రాదు; కుట్లు లెక్కపెట్టుట మాత్రము వచ్చును.

కోలారు సీమలో ఊలుతో పనియేమని క్రొత్తవారు అడుగుదురు. మన గనుల ఊరు సముద్రమట్టమునకు దాదాపు 850 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున మంచు దిగును. అయినను అది హిమాలయపు చలి కాదు. తొమ్మిది గంటలకు ఎండ పొడచూపగనే స్వెట్టరు చంకకెక్కును. నిజమునకు మనకు ఊలు అవసరమైనది గనివలన. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటును. ఆ కొలిమిలో ఎనిమిది గంటలు చెమటతో తడిసి, రాత్రి షిఫ్టు ముగించుకొని కేజులో పైకి వచ్చిన మనిషికి పుష్యమాసపు గాలి తగిలిన నెట్లుండునో మన పెద్దలకు తెలియును. మా తండ్రిగారు షిఫ్టునకు పోవునప్పుడు అన్నపు క్యారియరుతోపాటు మడత పెట్టిన స్వెట్టరొకటి సంచిలో నుండెడిది.

ఈ విద్య మన పూర్వులది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు గనులు చేపట్టిన పిదప ఇంగ్లీషు కుటుంబములు వచ్చి, ‘చిన్న ఇంగ్లండు’ అను పేరు పుట్టునంతగా బంగళాలును తోటలును క్లబ్బులును కట్టుకొనిరి. దొరసానుల వరండాలనుండి ఆంగ్లో ఇండియనుల యిండ్లకును, కాన్వెంటు బడులకును, అక్కడనుండి మన యిండ్లకును అల్లిక దిగివచ్చినది. రెండు ప్రపంచయుద్ధములలోను సైనికులకు మేజోళ్ళు, మఫ్లరులు అల్లి పంపుడని బ్రిటిషు సామ్రాజ్యమంతట స్త్రీలకు ప్రబోధించిరి. మన పల్లెలలో కురుబవారు నేసెడి నల్లకంబళి వేరు జాతి. అది మగ్గముమీద పడుగు పేకల పని. అల్లికయో, ఒకే దారము తనలో తాను ఉచ్చులు వేసికొని నిలుచునది. కావుననే అది సాగును, వంటికి అతుకును. ఒక్క ఉచ్చు తెగినచో నిచ్చెనవలె క్రిందివరకు జారును. కొస పట్టి లాగినచో మొత్తము మరల దారముగా మారును.

ఈ చివరి గుణమే సామాన్య గృహస్థులకు ప్రియమైనది. బిడ్డ ఎదిగి స్వెట్టరు పొట్టియైనచో మా తల్లిగారు దానిని విప్పి, లచ్చిగా చుట్టి, మరుగు నీటి ఆవిరిపై పట్టి వంకరలు తీసి, ఆరబెట్టి, ఒకటి రెండు క్రొత్త ఉండలు చేర్చి పెద్దది అల్లెడివారు. మా అన్నగారికి అల్లిన నీలపు ఊలు నాకు వచ్చి, పిదప మా చెల్లెలి కుళ్ళాయిగా మారినది. కంబళి చిరిగినచో అతుకు వేయవలసినదే గాని మరల పోగు కాదు.

ఇక బల్లలమీది వస్తువుల సంగతి. వానిలో సగమునకు పైగా ఈ ఊరి చలికి మించినవని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. గొంతువరకు మూసిన కాలరు, లావు ఊలు, దానిపై జడపాయలవలె మెలికలు తిరిగిన కేబులు అల్లిక. మెలిక వేసినకొలది ఊలు ఎక్కువ పట్టును, బట్ట దట్టమగును. సముద్రముమీద గాలిలో నిలువవలసిన జాలరులకు అది తగియున్నది. ఐర్లండునకు పడమటనున్న ఆరన్ దీవుల అల్లిక ఈ జాతిదే. పుస్తకములో బొమ్మ బాగున్నదని మనవారు దానినే ఎత్తుకొనిరి. మారికుప్పములో రైలెక్కునప్పుడు తొడిగి, బెంగుళూరు చేరకమునుపే విప్పి సంచిలో కుక్కుకొను వస్తువునకు అరకిలో ఊలు ఏల? చేతులులేని పలుచని స్వెట్టరులు నాలుగైదు మాత్రము ఈ గాలిని ఎరిగి అల్లినవి. మంకీ క్యాపులను గూర్చి నేనేమియు వ్రాయను, నేనును ధరింతును.

శాలువలలో జాలి అల్లికది యొకటి నన్ను చాలసేపు నిలిపినది. షెట్లండు దీవులలో పెండ్లి ఉంగరములో దూరునంత సన్నని శాలువలు అల్లుదురని ప్రసిద్ధి. మన బల్లమీదిది ఉంగరములో దూరలేదు గాని చేతిగాజులో దూరినది. పిల్లలు పరీక్షించిరి. దాని వెనుకవైపున ఒక్క ముడియైనను కనబడలేదు. ఊలు ఉండ అయిపోయిన ప్రతిచోటను క్రొత్తదారమును అంచుననే కలిపినది ఆ యిల్లాలు. ఇట్టి పనికి బహుమానముండిన బాగుండెడిది.

కొలత విషయమున మనవారి అశ్రద్ధ ఎక్కువ. పుస్తకములో 198 కుట్లు ఎక్కించుమని యున్నచో 198 ఎక్కింతురు. ఆ లెక్క నాలుగంగుళములకు 22 కుట్లు పట్టు చేతికి చెప్పినది. అట్టి చేతికి ఛాతి 36 అంగుళములు వచ్చును. చేయి బిగువుగా నుండి నాలుగంగుళములకు 24 కుట్లు పట్టినచో అదే స్వెట్టరు 33 అంగుళములై మగనికి పట్టక కుమారునికి పోవును. ముందుగా నాలుగంగుళముల చదరమొకటి అల్లి, కొలిచి, కుట్లు లెక్కించుకొనినచో ఈ నష్టము లేదు. ఒక సాయంకాలపు శ్రమకు వెనుదీసి నెల శ్రమను పాడుచేసికొందురు. పసిబిడ్డల స్వెట్టరులలో మూడింటికి తల దూరదు. మెడ దగ్గర కుట్లు మూయునప్పుడు దారమును బిగించుటయే కారణము. పట్టికలో ‘స్థితి: క్రొత్తది’ అని వ్రాసితిని. తొడుగనిది క్రొత్తదిగానే యుండును గదా.

రంగులందును బొమ్మలందును నాకు కలిగిన నిరాశ ఇంతకంటె పెద్దది. గుమ్మములో ప్రతి ఉదయము చుక్కలు పెట్టి తప్పులేక ముగ్గు వేయు చేతులు, ఊలు పట్టగనే పరదేశపు మంచుపువ్వును, దేవదారు చెట్టును వెదకుచున్నవి. ముగ్గును గడులలోనిదే, అల్లికయు గడులలోనిదే. గళ్ళకాగితముపై ముగ్గు నెక్కించినచో రెండు రంగుల ఊలుతో అంచుగా దింపవచ్చును. ఒక పెద్దావిడ అట్లు చేసియున్నది: ఆరు చుక్కల ముగ్గు శాలువ కొసలందు వరుసగా నున్నది. అయితే ముగ్గు అణగి, కుదించుకొనిపోయినట్లు కనబడెను. ఏలయన, ఊలు కుట్టు చదరము కాదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. సుమారు మూడు కుట్ల వెడల్పునకు నాలుగు వరుసల ఎత్తు సరిపోవును. కాగితముపై గడులను ఆ కొలతకే గీసికొనినచో ముగ్గు నిలుచును. మరియొకటి: వాడని రంగు దారము వెనుకవైపున పోవుచుండును. అది నాలుగైదు కుట్లకు మించి వ్రేలాడినచో బిడ్డల వ్రేళ్ళు చిక్కుకొనును. షెట్లండువారి ఫెయిర్ ఐల్ అల్లికలో ఒక వరుసకు రెండు రంగులకు మించకుండుట వాడుక. బహువర్ణముగా కనిపించునది కంటి భ్రమ. ఈ రెండు దోషములున్నను, మూడు బల్లలమీదను మన గడపను తలపించినది ఆ శాలువ యొక్కటే. దానికే మొదటి స్థానమిత్తును.

ఊలు అనుచున్నాము గాని, బల్లలమీదివానిలో అధికభాగము ఊలు కాదు, ఆక్రిలిక్. అగ్గువ, ఉతుకుటకు సులభము, పురుగు పట్టదు. నాలుగు మారులు తొడుగగనే గుండ్లు లేచును. గొఱ్ఱె ఊలు నిప్పంటినచో కమరి దానంతట ఆరిపోవును. ఇది మండి, కరిగి, చర్మమున కంటుకొనును. పొయ్యిదగ్గర తిరుగు స్త్రీలు శాలువలకును, ప్రాకు బిడ్డల స్వెట్టరులకును నిజమైన ఊలునే వాడుట మేలు. ఊలును వేడినీట ఉతికినచో ముద్దగట్టును. తీగపై వ్రేలాడదీసినచో ఏమగునో నాకు స్వానుభవము: మా యింటియామె ఊరిలో లేనపుడు నా స్వెట్టరు నేనే ఉతికి ఆరవేయగా చేతులు మోకాళ్ళవరకు దిగినవి.

పట్టికలో పదునేడవది మా తల్లిగారు మా తండ్రిగారికి అల్లిన స్వెట్టరు. ఎడమ ఛాతిమీది మెలికలలో ఒకటి తక్కినవానికి ఎదురుగా తిరిగినది. విమర్శకుని కన్నునకు అది దోషము. ఐర్లండు నాటకకర్త సింజ్ 1903లో ప్రకటించిన సముద్రపు నాటికలో, మునిగిపోయిన అన్న యితడేనని చెల్లెలు మేజోటిలోని జారిన కుట్లను లెక్కించి గుర్తుపట్టును. ఆరన్ దీవులలో ఇంటికొక అల్లిక గుర్తుండెడిదను కథ ఈ నాటికనుండి పెరిగినదే గాని చరిత్ర కాదని పరిశోధకులు చెప్పుదురు. కథ ఏదైనను, రాతి ప్రేలుళ్ళకు పేరుపడిన గని ఊరివారికి ఆ నాటిక పరాయిది కాదు. మా తల్లిగారికి ఆ తప్పు తెలియును. విప్పి సరిదిద్దుటకు రెండు దినములు పట్టును; మా తండ్రిగారికి ఆ రాత్రియే షిఫ్టు. ‘స్థితి’ గడిలో ఏమి వ్రాయవలెనో తోచక ‘మోచేతులు అరిగినవి’ అని మాత్రము వ్రాసితిని.

ఈ పనిని ‘హాబీ’ యనియు కాలక్షేపమనియు అందురు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినపుడు దీనికి ఇంకొక పేరు పెట్టిరి: ‘స్వయంఉపాధి’. ఇంటిలోనుండి అల్లి అమ్ముకొనుడని స్త్రీలకు సలహా చెప్పినవారు పలువురు. నా ఉద్యోగమును ఆ దినముతోనే పోయినది. మా యింటియామె ఒక దుకాణదారుని కొఱకు అల్లుట కారంభించినది. లెక్క వ్రాయువాడను నేను. పెద్దవారి స్వెట్టరు వంటికి 200 కుట్లు చొప్పున 180 వరుసలు; అనగా 36,000. రెండు చేతులకు 22,000. నిమిషమునకు 25 కుట్లు వేసినను దాదాపు 39 గంటలు. దుకాణదారుడిచ్చిన సొమ్ములో ఊలు ఖరీదు పోగా మిగిలినది గంటకు టీనీళ్ళ ఖర్చునకు చాలదు. లూధియానాలో యంత్రముమీద దిగి, చలికాలమున టిబెట్టువారి అంగళ్ళలో అమ్ముడగు స్వెట్టరుతో ఏ చేయియు పోటీపడజాలదు. ఆ సలహా తప్పు. ఇచ్చినవారెవరును కుట్లు లెక్కపెట్టి యుండరు.

లెక్క సరియైనదే. దానిని నేను చెప్పిన తీరే సరికాదు. చిట్టా ఆమె యెదుట పెట్టి, నీ పనికి విలువ లేదని తేలినదంటిని. వెల యనవలసినచోట విలువ యంటిని. ఆమె మారు పలుకక సూదులను గుడ్డలో చుట్టి అటకమీద పెట్టినది. పిదప మరియొకచోట నాకు గుమాస్తా పని దొరకినది, పిల్లలు స్థిరపడిరి, మనుమలు పుట్టిరి. వారి కుళ్ళాయిలను అంగడిలో కొంటిమి. ఇరువది యేండ్లకు పైగా మా యింట సూదుల చప్పుడు లేదు. గంటలను రూపాయలుగా మార్చునది దుకాణపు లెక్క. ఒకరి కొలత తెలిసి, వారి వంటికే అల్లినదానికి ఆ లెక్క చెల్లదని బల్లలయొద్ద వస్తువులు తిరగవేయుచుండగా గాని నాకు తట్టలేదు. ఇంతమందిలో ఒక్కరును అమ్ముటకై అల్లినదానిని ప్రదర్శనకు తేలేదు.

పట్టికలో కడపటిది వస్తువు కాదు, వస్తువులో సగము. ఒక కోడలు, పోయిన తన అత్తగారి పెట్టెలో దొరకినదని, సూదులతోనే తెచ్చిన బూడిదరంగు స్వెట్టరు. వెనుకభాగము, ఒక చేయి పూర్తియైనవి. ముందుభాగము చంకవరకు వచ్చి ఆగినది. ఆ కోడలికి అల్లిక రాదు. తిరిగి అప్పగించు వేళ మా యింటియామె దానిని చేతిలోనికి తీసికొని, సూదిమీది కుట్లను పెదవులతో లెక్కపెట్టి, “ఏమండీ, ఈమె చేయి నా చేయికంటె కొంచెము వదులు. ఒక నంబరు పెద్ద సూది వేస్తే సరిపోతుంది” అన్నది. ఆ కోడలు, “మీరే తీసుకోండి పిన్నిగారూ, పూర్తయితే మా ఆయన తొడుక్కుంటారు” అన్నది. పట్టికలో ఆ పంక్తికెదురుగా ‘అప్పగింపబడలేదు’ అని వ్రాసి సంతకము చేసితిని.

ముందుభాగము మెడవరకు వచ్చినది. ఇంకను రెండు ఉండలు కావలెను. ఆ బూడిదరంగు రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళలో దొరకలేదు. మచ్చునకు మూరెడు దారము కవరులో పెట్టి నా చొక్కా జేబులో ఉంచినది. శనివారము బెంగుళూరు రైలెక్కవలసియున్నది.