పక్క కణాన్ని ఆపే లెక్క

పండ్ల ఈగ వీపు మీద సన్నటి వెంట్రుకలు ఎడం ఎడంగా ఉంటాయి. అవి మొలిచే చోట ఒక గుంపు కణాలన్నిటికీ మొదట్లో వెంట్రుకగా మారే అర్హత ఉంటుంది. చివరికి ఒక్కటే మారుతుంది. మిగతావాటిని అదే ఆపుతుంది.

ఆ పనికి వాడే సామగ్రి డెల్టా, నాచ్ అనే రెండు ప్రోటీన్లు. రెండూ కణం పైపొరలోనే నాటుకుని ఉంటాయి, కాబట్టి కబురు తగిలే కణానికే అందుతుంది. ఒక కణం డెల్టా పక్క కణం నాచ్‌ను పట్టుకోగానే నాచ్ లోపలి ముక్క తెగి కేంద్రకానికి చేరుతుంది. దాంతో ఆ పక్క కణంలో డెల్టా తగ్గుతుంది.

1996లో కోలియర్, మంక్, మైనీ, లూయిస్ దీన్ని కణానికి రెండేసి సమీకరణాల్లో పెట్టారు. పొరుగు కణాల డెల్టా సగటు పెరిగితే ఒక కణం నాచ్ పెరుగుతుంది. ఆ కణం నాచ్ పెరిగితే దాని డెల్టా తగ్గుతుంది. రెండూ వాటంతట అవి తరిగిపోతుంటాయి. అంతే. ఆ పెరుగుదల, తగ్గుదల రేఖలకు ఫలానా ఆకారమే ఉండాలన్న పట్టుదల లేదు. ఒకటి ఎక్కాలి, ఒకటి దిగాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడమే ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

రెండు కణాలనే తీసుకుందాం. రెండూ సమానంగా, సమస్థితిలో ఉంటే లెక్క కదలదు. ఒకదానిలో డెల్టా రవ్వంత పెరిగిందనుకోండి. ఆ తేడా మొదటి రేఖ వాలుతో గుణించుకుని పక్క కణం నాచ్‌ను పెంచుతుంది, రెండో రేఖ వాలుతో గుణించుకుని దాని డెల్టాను తగ్గిస్తుంది. ఆ సమస్థితి దగ్గర రెండు వాలుల లబ్ధం, గుర్తు వదిలేసి చూస్తే, 1 కన్నా తక్కువైతే తేడా చల్లారిపోతుంది. 1 దాటితే ప్రతి మలుపులోనూ పెరిగి ఒక కణం గెలుస్తుంది, రెండోది అణిగిపోతుంది. ఎవరూ ముందుగా ఎంపిక చేయనక్కర్లేదు. కణాల్లో ఎప్పుడూ ఉండే చిన్న ఒడుదొడుకులు చాలు.

షట్కోణాల వరుసల్లో ఇదే లెక్క నడిపితే డెల్టా ఎక్కువున్న కణం చుట్టూ తక్కువున్నవి చేరి నమూనా తేలుతుంది. కానీ ఈగ వీపు మీద వెంట్రుకల ఎడం అంతకంటే ఎక్కువ. 2010లో కోహెన్, బామ్ బృందం దానికి ఒక కారణం చూపింది: కణాలు సన్నటి పోగులు చాచి దూరపు కణాలను కూడా తాకుతున్నాయి. అంటే సగటులో చేరే పొరుగు కణాల జాబితా పెద్దదైంది; ఒకదాన్నొకటి ఆపే ఆ వలయం మాత్రం అలాగే నిలిచింది.