స్లాబు మాట వినే చెవి

ఏళ్ల తరబడి వాననీరు దిగిన స్లాబును బాగుచేసే మేస్త్రీ మొదట దాని మాట వింటాడు. చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ పోతాడు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, పొర విడిపోయిన చోటు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టే చెవి నాకెప్పుడూ అబ్బురమే. డొల్ల ఉన్నంతమేర సుద్దతో గీత గీసి, కింద జాకీలు నిలబెట్టాకే ఉలి అందుకుంటాడు. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పెచ్చుల్ని ఊడగొడుతుంది. అందుకే మంచి మేస్త్రీ పైపైన పూసి వెళ్లిపోడు. ఊచ వెనక వేలు దూరేంత సందు వచ్చేదాకా చెక్కుతాడు, వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దుతాడు. సన్నబడిన ఊచకు తోడుగా కొత్తది వేసి, రెండు కొసలూ గట్టి భాగంలోకి సాగేలా బైండింగ్ వైరుతో కడతాడు. తుప్పు ఊచల్ని మరీ తినేసి ఉంటే ఇంజనీరుకు చూపించమంటాడు, ఆ నిజాయితీ కూడా పనితనమే. తర్వాత తుప్పు ఆపే పూత, పాత కాంక్రీటును పట్టుకునే పూత, ఆపైన పాలిమర్ కలిపిన మాలు. నెత్తిమీదికి మాలు ఎక్కించడం ఎంత కష్టమో! మెడ వెనక్కి వాల్చి, పొర మీద పొరగా, ఒక్కోటీ బిగిసేదాకా ఆగి, తాపీతో అదిమి అదిమి పెట్టాలి. తొందరపడితే బరువుకు జారిపోతుంది. ఇదంతా డాబా మీది పగుళ్లు పూడ్చి, నీరు తూము వైపు పారేలా వాటం సరిచేశాకే. పైన కారుతుంటే కింద అతికినది నిలవదు. కొత్త స్లాబు పోయించే స్తోమత లేని ఇంటివాళ్లు ఆ గదిలో మళ్లీ ఫ్యాను బిగించుకుని, పిల్లల్ని దాని కింద నిశ్చింతగా పడుకోబెట్టుకుంటారు.