బెత్తం లేని తరగతి: గిజూభాయి దారి, వాంగ్ దారి

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం తీసేయమన్న చట్టం దాని చోట ఏం ఉండాలో చెప్పలేదు. అది చట్టం చెప్పగలిగే సంగతి కూడా కాదు. ఆ ఖాళీని మన బడుల్లో చాలావరకు పాత అలవాట్లే నింపుతున్నాయి. క్లాస్ లీడర్ మాట్లాడేవాళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాస్తాడు. టీచరు డస్టర్‌తో బల్ల మీద కొట్టి ‘సైలెన్స్’ అంటారు. రెండు నిమిషాలు గది సద్దుమణుగుతుంది, మళ్ళీ గోల మొదలు. జూన్‌లో బడి తెరిచేలోగా ఈ తీరు మార్చుకుందామనుకునే ఉపాధ్యాయులు పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకాలు రెండున్నాయి. ఒకటి గిజూభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’, మన టీచర్లకు ‘పగటి కల’గా పరిచయమైనది. రెండోది అమెరికాలో హారీ వాంగ్, రోజ్‌మేరీ వాంగ్ దంపతులు 1991లో వెలువరించిన ‘ద ఫస్ట్ డేస్ ఆఫ్ స్కూల్’.

గిజూభాయి వకీలుగా పనిచేసి, ఆ వృత్తి వదిలి 1916లో భావ్‌నగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. మాంటిస్సోరి ఆలోచనలతో 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభించారు. ‘దివాస్వప్న’ 1930ల మొదట్లో వచ్చింది. అందులో ఒక ఉత్సాహవంతుడు విద్యాధికారిని ఒప్పించి, ఒక మామూలు బడిలో నాలుగో తరగతిని ఏడాది పాటు తీసుకుంటాడు. ఇంటి దగ్గర కూర్చుని మొదటి రోజుకు చక్కటి పథకం వేసుకుంటాడు: పిల్లలు కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చునే ఆట, తర్వాత శుభ్రత, తర్వాత పాట, మాటామంతీ. తీరా గదిలోకి వెళ్ళి తలుపులు మూసి ఆట మొదలుపెడితే ఒకడు కూత కూస్తాడు, ఇంకొకడు చప్పట్లు కొడతాడు, గది గదంతా నవ్వులు. ఆయన పథకం మొత్తం పక్కన పెట్టి పిల్లల్ని ఇంటికి పంపేస్తాడు. ఆ గోలకు పక్క తరగతులు చెదిరిపోతాయి, ప్రధానోపాధ్యాయుడు మందలిస్తాడు.

తరగతి నిర్వహణ మీద రాసిన పుస్తకాల్లో ఇంత నిజాయితీ గల మొదటి రోజు అరుదు. కొత్త టీచరుకు ఇది ఎంత ధైర్యాన్నిస్తుందో చెప్పలేను. రెండో రోజు ఆయన కథ అందుకుంటాడు. కూతలు కూసిన పిల్లలే దగ్గరికి జరిగి కూర్చుంటారు. ఈ పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడే ఆగి, కథ మహిమ అంటారు. నేను మరో సంగతి వైపు చూడమంటాను. కథ నడుస్తుండగా ఆయన మధ్యలో ఆపి హాజరు తీసుకుంటాడు. గోల మధ్య కథ సాగదన్నది పిల్లలకు అక్కడికక్కడే అర్థమవుతుంది. అంటే గిజూభాయి కూడా పద్ధతి నేర్పుతున్నారు. పిల్లలకు కావలసినదొకటి ముందు పెట్టి, దాన్ని అందుకోవడానికి తోవగా నేర్పుతున్నారు. అందుకే ఆ క్రమశిక్షణ వాళ్ళకు బరువనిపించదు.

వాంగ్ పుస్తకం పూర్తిగా వేరే జాతి. కథ లేదు, పాత్ర లేదు, ఇది చేతిపుస్తకం. తరగతిలో అసలు సమస్య పిల్లల అల్లరి కాదనీ, ఏ పని ఎలా చేయాలో వాళ్ళకు ఎవరూ నేర్పకపోవడమనీ రచయితల వాదం. గదిలోకి ఎలా రావాలి, పెన్సిల్ ముల్లు విరిగితే ఏం చేయాలి, పని ముందే అయిపోయినవాళ్ళు ఏం చేయాలి, సందేహం ఎలా అడగాలి, ప్రతిదానికీ ఒక పద్ధతి. దాన్ని మూడు మెట్లలో నేర్పమంటారు: వివరించి చూపడం, సాధన చేయించడం, అలవాటయ్యేదాకా గుర్తుచేయడం. టీచరు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరించాలి. పిల్లలు వచ్చేసరికే చేయాల్సిన పని బోర్డు మీద ఉండాలి. పిల్లల్ని పంపాల్సింది టీచరే గాని బెల్లు కాదు.

ఇవన్నీ చిల్లర విషయాలుగా కనిపిస్తాయి. కాని వీటికి ఆధారముంది. టెక్సస్‌లో ఎమర్, ఎవర్ట్‌సన్, ఆండర్సన్ మూడో తరగతి గదులను ఏడాది తొలి రోజు నుంచీ గమనించి 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. తొలి వారాల్లో ఈ పద్ధతులను పాఠం చెప్పినంత శ్రద్ధగా నేర్పిన టీచర్ల గదులే ఏడాది పొడవునా సాఫీగా నడిచాయని అందులో తేలింది. మన బడిలో మధ్యాహ్న భోజనం వేళ కుళాయి దగ్గర తోపులాట చూసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. చేతులు కడుక్కోవడం, పళ్ళెం తీసుకోవడం, వరుసలో కదలడం మొదటి వారం మూడు నాలుగుసార్లు నింపాదిగా చేయించిన బడిలో డిసెంబరులో ఎవరూ అరవాల్సిన పని ఉండదు.

అయినా వాంగ్ పుస్తకంలో నాకు సరిపడనిది ఒకటుంది. ఆ పద్ధతులన్నీ టీచరే ముందుగా నిర్ణయించి తెస్తారు. ఈ గదిలో మనం ఎలా ఉందాం అని పిల్లల్ని అడగడానికి ఆ పుస్తకంలో పెద్దగా చోటు లేదు. పాఠం మీద పట్టు గురించి వేరే భాగం ఉన్నా, పిల్లవాడు ఇక్కడికి ఎందుకు రావాలనుకోవాలి అన్న ప్రశ్న దగ్గర పుస్తకం ఎక్కువసేపు నిలవదు. గిజూభాయి అక్కడి నుంచే బయలుదేరతారు. ఇంట్లో చదివేవాళ్ళు లేని పిల్లకు, తండ్రి వలస వెళ్ళిన పిల్లవాడికి ముందు కావలసింది ఆ ప్రశ్నకు జవాబే. పద్ధతి తర్వాత.

గిజూభాయిలో లోటు మరో చోట ఉంది. ఆయన తరగతి పూర్తిగా ఆ ఒక్క మనిషి మీద నిలబడింది. ఆయన కథ చెప్పగలడు, ఆడగలడు, పాడగలడు. అలాంటి గొంతు అందరికీ ఉండదు. ఉన్నవాళ్ళూ ఒక రోజు సమావేశానికి వెళ్ళాలి, ఒక రోజు ఫోన్‌లో వివరాలు నమోదు చేస్తూ కూర్చోవాలి. పైగా అది కల్పన. అనుభవంలోంచి పుట్టిన కల్పనే అయినా, కథలో ప్రయోగం గెలవాలని రచయిత ముందే నిశ్చయించుకున్నారు.

ఇంతకన్నా పెద్ద లోపం రెండింటికీ ఉమ్మడిది. రెండు పుస్తకాల్లోనూ ఒక టీచరుకు ఒకే తరగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. అందులో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. ఒక టీచరు రెండో తరగతికి తెలుగు చెబుతుంటే మూడో తరగతి ఏం చేయాలి? మన పల్లె బడిలో తరగతి నిర్వహణ అంటే మొదట ఇదే ప్రశ్న. దీనికి గిజూభాయి దగ్గరా, వాంగ్ దగ్గరా నేరుగా జవాబు దొరకదు.

జవాబు దొరికింది తెలుగు నేల మీదే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాకేంద్రం పక్కన పల్లెల్లో చిన్న బడులు నడిపినప్పుడు పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను కార్డులుగా విడగొట్టారు. గోడ మీది నిచ్చెన పటం చూసి, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో, ఎవరితో కూర్చోవాలో పిల్లవాడే తెలుసుకుంటాడు. కొన్ని పనులు టీచరు దగ్గర, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని ఒంటరిగా. 1990ల మధ్యలో కర్ణాటక ప్రాథమిక బడుల్లో మొదలైన ‘నలి కలి’ బోధన పద్ధతి ఇక్కడి నుంచే స్ఫూర్తి పొందింది, తర్వాత తమిళనాడు కూడా ఇదే దారి పట్టింది. వాంగ్ కోరిన కచ్చితమైన పద్ధతి ఇందులో ఉంది. పిల్లవాడి ఇష్టానికి, వేగానికి గిజూభాయి ఇచ్చిన గౌరవమూ ఉంది. టీచరు అటు తిరిగినా గది నడుస్తుంది. ఒక తరగతి బాగా నడుస్తోందా లేదా అనడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే. నల్లబల్ల మీద పేర్లు రాసే పద్ధతి ఈ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఓడిపోతుంది.

కాబట్టి రెండింటిలో ఒకటే చదవగలిగే తీరిక ఉంటే గిజూభాయిని చదవమంటాను. వాంగ్ చెప్పే పద్ధతులు ఏ మంచి సీనియర్ టీచరు దగ్గరైనా చూసి నేర్చుకోవచ్చు. ఆ మొదటి రోజు ఓటమిని ఒప్పుకుని రెండో రోజు పిల్లల దగ్గరికి వెళ్ళే చూపు అంత సులభంగా దొరకదు. రెండూ చదివినవాళ్ళు మాత్రం జూన్ తొలి రెండు వారాలు కథకూ, సాధనకూ ఖర్చు పెట్టండి. ప్రధానోపాధ్యాయులకూ, మండల విద్యాధికారులకూ ఒక విన్నపం: ఆ రెండు వారాలు ఆ గదిలోకి వెళ్ళి సిలబస్ ఎంతయిందని అడగకండి.