పాత్రధారణ – పాత్రాపహరణ: ‘ది ఏరోనాట్స్’ చిత్రంలో లింగ మార్పు, ఒక పరిశీలన

కీలక పదాలు: చారిత్రక చలనచిత్రం, ఇతివృత్తం, పాత్రధారణ, లింగ మార్పు, దశరూపకం

చారిత్రక చిత్రాల్లో వాస్తవ వ్యక్తుల జాతిని, లింగాన్ని మార్చడంపై జరిగే చర్చలో భిన్నమైన రెండు పనులు ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయి. ఒకటి నటుణ్ణి మార్చడం. రెండవది పాత్రనే మార్చడం. మొదటిదానిలో చారిత్రక వ్యక్తి పేరు, చేసిన పని అలాగే ఉండి, వాటిని మోసే శరీరం మాత్రమే మారుతుంది. రెండవదానిలో ఆ వ్యక్తే తొలగిపోయి, అతని పని మరొకరి ఖాతాలో చేరుతుంది. ఈ భేదాన్ని పాటించకపోవడం వల్లనే సమర్థకుల వాదం, విమర్శకుల వాదం ఒకదానికొకటి తగలకుండా సాగిపోతున్నాయి.

మొదటి పద్ధతి తెలుగు రంగస్థలానికి కొత్త కాదు. స్థానం నరసింహారావు రోషనారా వేషం కట్టినప్పుడు మొగలు రాకుమారి పురుషుడైపోలేదు. ప్రేక్షకుడు నటుణ్ణీ పాత్రనూ ఏకకాలంలో చూశాడు. 2015 నాటి ‘హామిల్టన్’ సంగీత నాటకం, 2020లో విడుదలైన దాని చిత్రరూపం ఈ ద్వంద్వ దృష్టి మీదనే ఆధారపడ్డాయి. వాషింగ్టన్, జెఫర్సన్ పాత్రలను నల్లజాతి నటులు ధరించారు. అయితే నటవర్గంలో ప్రముఖంగా ఉన్న నల్లజాతి, నాటక కథలో దాదాపు లేదన్న చరిత్రకారిణి లైరా మొంటేరో విమర్శ తోసిపుచ్చదగినది కాదు.

టామ్ హార్పర్ దర్శకత్వం వహించిన ‘ది ఏరోనాట్స్’ (2019) రెండవ పద్ధతికి నిదర్శనం. 1862 సెప్టెంబరు 5న ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ నుంచి వాతావరణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ గ్లేషర్, బెలూన్ చోదకుడు హెన్రీ కాక్స్‌వెల్ గగనయానం చేశారు. 29,000 అడుగులు దాటాక గ్లేషర్ స్పృహ కోల్పోయాడు. చిక్కుపడిన కవాటపు తాడును విడదీయడానికి కాక్స్‌వెల్ పైనున్న వలయంలోకి ఎక్కాడు. చలికి చేతులు పనిచేయక, తాడును పళ్ళతో పట్టి లాగి వాయువును వదిలాడు. (అతడు అంతకుముందు దంతవైద్యుడు కావడం చరిత్ర చేసిన చమత్కారం.) చిత్రంలో గ్లేషర్ తన పేరుతోనే ఉన్నాడు. కాక్స్‌వెల్ లేడు. అతని స్థానంలో అమీలియా రెన్ అనే కల్పిత యువతి ఉంది. బెలూన్ శిఖరానికి ఎగబాకి ఇద్దరి ప్రాణాలూ కాపాడేది ఆమే. ఫెలిసిటీ జోన్స్ అభినయం ఆ దృశ్యాన్ని నిజంగానే ఉత్కంఠభరితం చేసింది. అభ్యంతరం అభినయం మీద కాదు.

ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని విభజించాడు. నాయకునికి గాని రసానికి గాని విరుద్ధమైన అంశాన్ని విడిచిపెట్టవచ్చుననీ, మరోవిధంగా కల్పించవచ్చుననీ అనుమతించాడు. చిత్ర సమర్థకులకు ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు. కాని ఆ అనుమతి షరతుతో కూడినది. కాక్స్‌వెల్ పురుషుడు కావడం ఈ కథలోని ఏ రసానికి విరుద్ధం? వీరానికీ కాదు, అద్భుతానికీ కాదు. కథ మొత్తాన్ని ఉత్పాద్యంగా మలచి ఇద్దరికీ కల్పిత నామాలు పెట్టి ఉంటే వివాదమే లేదు. ఒకరి పేరును ప్రఖ్యాతంగా నిలిపి, మరొకరి పనిని ఉత్పాద్యానికి అప్పగించడమే చిక్కు.

ఇంతకీ ఎవరి పేరు నిలిచింది? రాయల్ సొసైటీ సభ్యుడైన శాస్త్రజ్ఞునిది. ఎవరిది పోయింది? బెలూన్ నడపడమే జీవనోపాధిగా బ్రతికిన వృత్తినిపుణునిది. ఈ మార్పును కేవలం లింగ సమస్యగా చూసిన విమర్శలు ఈ వర్గ కోణాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ‘ట్వెంటీవన్’ (2008) చిత్రంలో ఆసియా మూలాలున్న జెఫ్ మా అనుభవం బెన్ క్యాంప్‌బెల్ అనే శ్వేతజాతి యువకునికి సంక్రమించింది. దిశ వేరైనా జరిగిన పని అదే.

స్త్రీల సాహసాన్ని తెరకెక్కించాలన్న సంకల్పం న్యాయమైనదే. దానికి చరిత్రలో ఆధారాల కొరత లేదు. నెపోలియన్ కాలంలో అధికారిక ఉత్సవాలకు బెలూన్ ఎగరవేసిన సోఫీ బ్లాంషార్ 1819లో పారిస్ నగరంపై బాణసంచా నిప్పు అంటుకొని, నేలకూలి మరణించింది. రెన్ పాత్రకు ప్రేరణల్లో ఆమె జీవితమూ ఒకటి. అంటే కాక్స్‌వెల్ పనితో పాటు బ్లాంషార్ జీవితం కూడా కల్పిత నామం కిందికే చేరింది.