ఆ గీతను దిద్దకండి

ఆటిజం ఉన్న పిల్లల బొమ్మను చూసేవారు ముందుగా గమనించవలసింది అది ఎంత ముచ్చటగా ఉందన్నది కాదు, కాగితం మీద ఎక్కడ మొదలైందన్నది. చిత్రలేఖనం నేర్చినవారు మొదట మొత్తం ఆకారానికి పలుచని చట్రం గీసుకుని తర్వాత వివరాల్లోకి దిగుతారు. ఈ పిల్లల్లో కొందరు ఏ మూలనో ఉన్న చిన్న వివరాన్ని పట్టుకుని, దానికి ఆనుకున్న మరొక వివరాన్ని చేర్చుకుంటూ పోతారు, అయినా చివరికి కొలత తప్పదు. కెనడాలో మోట్రాన్, బెల్‌విల్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న ఒక చిత్రకారుడి పనితీరును పరిశీలించి 1993లో ఈ పద్ధతినే నమోదు చేశారు. విశాఖ గోపాలపట్నంలోని సింహాచలం స్టేషన్ మీదుగా పోయే రైళ్లను రోజూ చూసే పిల్లవాడు ఇంజను కంటే ముందు రెండు పెట్టెలను కలిపే కొక్కేన్ని గీస్తే అది తప్పు కాదు, అతని చూపు ఆగిన చోటు అది.

ఈ కళలో నాదియా పేరు తలవకుండా ముందుకు సాగలేం. 1967లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన ఆ పాప, మాటలు సరిగా రాని మూడేళ్ల వయసులోనే బాల్‌పెన్నుతో గుర్రాలను దౌడు తీయించింది. దగ్గరి కాలు పెద్దదిగా, దూరపు కాలు కుదించుకుపోయినట్లు చూపించే నేర్పు పెద్ద చిత్రకారులకే ఏళ్ల తరబడి సాధన మీద గాని పట్టుబడదు. లోర్నా సెల్ఫ్ 1977లో ఆమె మీద పుస్తకమే రాశారు. ఇక బ్రిటిష్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ సంగతి అద్భుతమే: 2005లో టోక్యో నగరాన్ని హెలికాప్టర్ నుంచి కాసేపు చూసి, దాదాపు పది మీటర్ల కాన్వాస్ మీద జ్ఞాపకం నుంచే గీసేశాడు. అమెరికాలో చిత్రకారిణి జెస్సికా పార్క్ ఇళ్లకు, వంతెనలకు ఇంద్రధనుస్సు రంగులద్ది, వాటి మీది ఆకాశంలో నక్షత్రాలను వాటి వాటి స్థానాల్లోనే నిలిపింది. పిల్లలందరూ వీరిలా ఉండరు, ఉండనక్కరలేదు కూడా. ఒకే వృత్తాన్ని వంద సార్లు గీసే పాప గీతలోనూ ఆమెకు నచ్చిన లయ ఉంటుంది.

రంగుల విషయానికొస్తే, తడి రంగు వేళ్లకంటితే కొందరు ఓర్వలేరు, కొందరికి ఆ స్పర్శే ప్రాణం. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే చెట్ల రంగుల వంటివి, రంగును నోట్లో పెట్టుకునే పిల్లల కోసం ఎవరైనా తయారు చేయించగలిగితే ఎంతో మేలు.

ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన తీర్మానంతో 2008 నుంచి ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం జరుగుతోంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. అయితే ఆ అవగాహన దినం పేరిట జరిగే తంతు చూస్తే కడుపు మండుతుంది. ముందే అచ్చువేసిన సీతాకోకచిలుకలో పిల్లల చేత రంగు నింపించి, గీత దాటిన చోటల్లా టీచరే దిద్ది, నీలం బెలూన్ల మధ్య దాన్ని ముఖ్య అతిథి చేతిలో పెట్టి ఫొటో తీయించడం అవగాహన ఎలా అవుతుంది? అది పిల్లల కళకు నకలు, పైగా వారి చేతినే అవమానించే నకలు. ఆటిజానికి చిహ్నంగా 1963లో బ్రిటన్‌లో పుట్టిన పజిల్ ముక్క గుర్తును, ఆటిజం ఉన్న పెద్దలే ఎందరో వద్దంటున్నా, ఇంకా బ్యానర్ల మీద అతికిస్తూనే ఉన్నారు. బొమ్మలను గ్రీటింగ్ కార్డులుగా అమ్మి, గీసిన పిల్లకు పైసా ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

కాబట్టి గోపాలపట్నంలోనూ విశాఖ అంతటా ప్రదర్శనలు పెట్టేవారికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు విన్నపం ఒకటే: తెల్ల కాగితం ఇవ్వండి, దిద్దకుండా గోడకు తగిలించండి, ఇంటివారు ఒప్పుకుంటే గీసినవారి పేరు కింద రాయండి, అమ్మితే వచ్చిన డబ్బు ఆ బిడ్డ ఖాతాలోనే వేయండి.