కేవోటీ వెనక నవల

బిల్లు కాగితం వేడి తగిలితే నల్లబడుతుందని నాకు పెనం దగ్గరే తెలిసింది. విజయవాడలో నేను పనిచేసే టిఫిన్ హోటల్లో ఓ ఆదివారం పొద్దున, తొమ్మిది గంటల రద్దీ. చేతిలో నాలుగు టేబుళ్ళు. రాస్తున్న నవలలో ఓ ముసలమ్మ కన్నీళ్ళు పెట్టకుండా అనాల్సిన మాట ఒకటి మూడు వారాలుగా దొరక్కుండా తిప్పలు పెడుతోంది. సరిగ్గా అప్పుడే తట్టింది. కౌంటర్ మీద పడున్న బిల్లు రోలు ముక్క చింపి, నున్నటి వైపున రెండు లైన్లు గీకి, పెనం పక్క గట్టు మీద పెట్టి, మసాలా దోశలు పట్టుకుని పోయాను. తిరిగొచ్చేసరికి ముక్కంతా మసిబారింది. దోశ మాస్టర్ అట్లకాడతో దాన్ని పక్కకి నెట్టి, "మాడిపోయిందిరా అబ్బాయ్, ఇంకోటి పోసుకో" అన్నాడు.

ఇంకోటి పోసుకోవడం కుదరలేదు. ఆ మాట మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి నా రాతంతా కేవోటీ పుస్తకం వెనకే. టేబుల్ దగ్గర ఆర్డరు రాసుకుని వంటింట్లో ఇచ్చే చీటీల పుస్తకాన్ని మేం కేవోటీ అంటాం. మామూలు కాగితం, మాడదు, జేబులో పడుతుంది. ఒక్కో చీటీకి నాలుగైదు లైన్లకు మించి చోటుండదు గనక సోది రాయడానికి వీలుండదు.

హోటల్ పని చేస్తూ నవలలు రాయడం మన దగ్గర కొత్త సంగతి కాదు. శారద పేరుతో రాసిన ఎస్. నటరాజన్ తమిళుడు. పుదుక్కోట నుంచి 1937లో, ఇంకా మీసాలు రాని వయసులో తెనాలి వచ్చాడు. హోటళ్ళలో పనికి కుదిరాడు. తెలుగు నేర్చుకున్నది ఇక్కడికొచ్చాకే. 1946లో 'ప్రపంచానికి జబ్బు చేసింది' అనే కథతో మొదలుపెట్టి, 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' నవలల దాకా వెళ్ళాడు. ఒంట్లో మూర్ఛ జబ్బు, ఇంట్లో దరిద్రం. 1955లో ముప్ఫై దాటీ దాటకుండానే పోయాడు. ఆయనతో పాటు తెనాలి హోటళ్ళలో చాకిరీ చేసిన ఆలూరి భుజంగరావు కూడా రచయితే. హిందీ నేర్చుకుని రాహుల్ సాంకృత్యాయన్‌ని తెలుగులోకి తెచ్చాడు, స్నేహితుడి జీవితాన్ని 'సాహిత్య బాటసారి శారద'గా రాసిపెట్టాడు. ఒకే ఊళ్ళో, ఒకే పనిలో ఇద్దరు.

సభల్లో శారద పేరెత్తితే చాలు, "సర్వర్ అయ్యుండీ నవలలు రాశాడండీ" అని కళ్ళు పెద్దవి చేస్తారు. నాకు ఆ 'అయ్యుండీ' గిట్టదు. తమిళం మాట్లాడే కుర్రాడికి తెలుగు సంభాషణ నేర్పడానికి హోటల్ టేబుల్‌ని మించిన బడి ఏముంది? గుమాస్తా ఒకలా అడుగుతాడు కాఫీ, కోర్టు పక్షి ఒకలా. పొలం అమ్ముకుని వచ్చినవాడు నీళ్ళు అడిగే తీరే వేరు. సప్లయర్ పక్కన నిలబడ్డా ఎవరూ గొంతు తగ్గించరు, వాణ్ని మనిషిగా లెక్కేస్తే కదా. ఆ చిన్నచూపే రచయితకి పెట్టుబడి. (విన్నది విన్నట్టు దించేయకూడదు. ఊరు, పేరు, వావి మార్చాలి. మళ్ళీ వాళ్ళకే ఇడ్లీ వడ్డించాలి మరి.)

చెవి పని డ్యూటీలోనే జరిగిపోతుంది. తతిమ్మా పనికి వేళ ఎక్కడ దొరుకుతుందన్నదే చిక్కు.

మాది బ్రేక్ డ్యూటీ. పొద్దున అయిదు నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి పది. మొదట్లో నేను రాత్రిళ్ళు రాసేవాణ్ణి. దానికి జపాన్ రచయిత హారుకీ మురకామి కారణం. ఆయన టోక్యోలో 1974 నుంచి జాజ్ బార్ నడిపాడు. 1978లో బేస్‌బాల్ మ్యాచ్ చూస్తుండగా నవల రాయాలనిపించి, రోజూ బార్ కట్టేశాక వంటింటి బల్ల మీద కూర్చుని మొదటి నవల పూర్తిచేశాడు. అది చదివి నేనూ అలాగే కూర్చున్నాను. ఆరు నెలలు రాశాక తిరగేస్తే, నా పాత్రలన్నీ అరుగుల మీదా మంచాల మీదా కూలబడి ఉన్నాయి. ఒక్కడూ లేచి నిలబడడు, గట్టిగా తగాదా పడడు. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు రాసిన నవల అది. మురకామి బార్‌కి ఓనరు, నేను సప్లయర్ని అన్న సంగతి ఆలస్యంగా బుర్రకెక్కింది. ఆ ఓనరుకీ చివరికి కుదరలేదు. రెండు చిన్న నవలలయ్యాక, పెద్ద నవల రాయాలంటే రెండు పడవలు పనికిరావని 1981లో బార్ అమ్మేశాడు. అమ్ముకోవడానికి నాకేముంది?

అందుకే వంటింటినే చూసి నేర్చుకున్నాను. ఇడ్లీ పిండి ఎవరూ పొద్దున్నే రుబ్బుకోరు. ముందు రోజే పప్పు నాని, సాయంత్రానికి గ్రైండర్‌లో పడి, రాత్రంతా పులవాలి. తెల్లవారుజామున మాస్టర్ చేసేది పాత్రల్లో పోయడమే. నా రాత్రి కూడా ఇప్పుడు నానబెట్టడానికే. పడుకునే ముందు రేపటి సన్నివేశం గురించి ఒకే ఒక ప్రశ్న చీటీ మీద రాసి తలకింద పెట్టుకుంటాను. 'వాడు ఇల్లు వదిలినప్పుడు తలుపు వేశాడా?' అంతే. పొద్దున సాంబారు బకెట్ మోస్తున్నంతసేపూ ఆ ప్రశ్న లోపల పులుస్తూనే ఉంటుంది. పదకొండుకి డ్యూటీ దిగి, అన్నం తిని, గంటసేపు పడుకుని, రెండింటికి మేడ మీద గదిలో కూర్చుంటే మూడుంబావు దాకా చెయ్యి ఆగదు. పక్కన ముగ్గురు గురకపెడుతుంటారు. ఆ గంటంబావే నా పెనం వేళ.

పెనం కాలాక పప్పు కోసం కొట్టుకి పరిగెత్తకూడదు. పరిశోధన ఉన్న నవలకి ఈ పరుగే పెద్ద గండం. నాది 1977 దివిసీమ ఉప్పెన నవల. నవంబర్ 19, శనివారం. రాస్తుండగా లాంతరు ధర దగ్గర సందేహం వస్తుంది. చూసొద్దామని ఫోన్ తీస్తే ఆ మధ్యాహ్నం గంగలో కలిసినట్టే. అందుకని తెలియని చోటల్లా ఓ సున్నా చుట్టి ముందుకి పోతాను. సున్నాల సంగతి వీక్లీ ఆఫ్ రోజు చూస్తాను. హోటల్ వాళ్ళకి ఆదివారం సెలవివ్వరు. అది మా అదృష్టం, మామూలు రోజుల్లో లైబ్రరీలు తెరిచుంటాయి. ఒకసారి శుక్రవారం ఆఫ్ తీసుకుని, బస్సెక్కి పోయి, లైబ్రరీ తాళం కప్పని చూసి తిరిగొచ్చాను. మన ప్రభుత్వ గ్రంథాలయాలకి శుక్రవారమే సెలవు. అప్పట్నుంచి నా ఆఫ్ బుధవారం. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళిందీ అలాంటి ఓ బుధవారమే.

ఒక సున్నా కథ చెబుతాను. ఉప్పెన రాత్రిని నేను 'అమావాస్య చీకటి' అని రాశాను, ఆ పదం మీద ముచ్చటపడ్డాను కూడా. పక్కనే సున్నా చుట్టాను. ఆఫ్ రోజు పాత పంచాంగం తిరగేస్తే, ఆ ఏడు దీపావళి వెళ్ళి అప్పటికే వారం దాటింది. అంటే ఆ రాత్రి ఆకాశంలో సగానికి మించిన చంద్రుడు ఉండాలి. మబ్బులు కప్పేశాయి గనక నేల మీద చీకటి చీకటే. కానీ అమావాస్య మాట కొట్టేయాల్సి వచ్చింది. దాని బదులు మబ్బుల వెనక ఎక్కడో చంద్రుడున్నాడని తెలిసిన మనిషి పైకి చూసే లైను ఒకటి వచ్చింది. అధ్యాయం మొత్తంలో నాకు నచ్చిన లైను అదే. ఇంకో సున్నా టేబుల్ దగ్గరే తీరింది. ఆస్పత్రి పనికి వచ్చిన దివిసీమ కోడూరు పెద్దాయన పెసరట్టు తింటూ, ఉప్పెన తర్వాత తమ బావిలో నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పగా మారిన సంగతి చెప్పాడు. "గ్లాసులో నీళ్ళు పొయ్యి నాయనా, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ దాహమేస్తది" అన్నాడు. ఏ పాత పత్రికలో దొరుకుతుంది ఆ దాహం?

ఒకేసారి రెండు పనులు పట్టుకోవడం కూడా ఇలాగే అలవాటైంది. ఒకటి పొయ్యి మీద, ఒకటి నానలో. నవల చిత్తుప్రతి సాగుతుంటే, తర్వాతి కథకి నోట్సు మాత్రమే. రెండూ పొయ్యి మీద పెట్టిన ఏడు రెండూ అడుగంటాయి.

ఇదంతా వింటే హోటల్ పని రచయితకి వరమనుకుంటారేమో. కాదు. జార్జ్ ఆర్వెల్ 1929లో పారిస్ హోటల్లో గిన్నెలు తోమాడు. ఆ చాకిరీ గురించి రాసిన పుస్తకం 1933లో, అందులోంచి బయటపడ్డాక వచ్చింది. మనోరంజన్ వ్యాపారి కలకత్తాలో బధిరుల బడి హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట చేస్తూ బెంగాలీలో రాశాడు. ఆయన ఆత్మకథ ఇంగ్లీషు అనువాదానికి 2018 ది హిందూ బహుమతి వచ్చాక కూడా గరిటె తిప్పుతూనే ఉన్నాడు. లైబ్రరీ పనికి మార్చింది 2020లో. శారదకి అదీ దక్కలేదు. ఆకలి వల్లే మంచి రచన వస్తుందని ఎవరైనా అంటే వాళ్ళకి మధ్యాహ్నం భోజనం బిల్లు కట్టడానికి జేబు తడుముకునే అవసరం ఎప్పుడూ రాలేదన్నమాట.

అయినా ఈ రాత ఎందుకంటే, తినేవాళ్ళే రాస్తే కథల్లో సప్లయర్ కాఫీ కప్పు పట్టుకొచ్చే చెయ్యిగా మాత్రమే మిగులుతాడు. శారద వల్ల ఆ చెయ్యి తెలుగులో కలం పట్టింది. మా మేడ మీద గదిలో ఈ మధ్య క్లీనింగ్ కుర్రాడొకడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, నా కేవోటీ చీటీలు చూసి తనకీ ఓ పుస్తకం కావాలన్నాడు. ఏం రాస్తున్నాడో నేను అడగలేదు.

నా నవల చిత్తుప్రతి అయిపోవచ్చింది. ఒక్క సున్నా మిగిలింది: ఉప్పెన వచ్చిన ఆ శనివారం దివిసీమలోని అవనిగడ్డలో కరెంటు ఎన్ని గంటలకి పోయింది? మీలో ఎవరికైనా, మీ అమ్మమ్మలకో తాతయ్యలకో గుర్తుంటే చెప్పండి. పొద్దున పదకొండు దాటాక, రెండు లోపు వస్తే నేను ఖాళీగానే ఉంటాను.