చెట్టుని వదిలేయడం అంత తేలిక కాదు

'గడ్డి పరకతో విప్లవం' నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి బెంగళూరులో, పీజీ గదిలో, ఒక్క రాత్రిలో. రెండోసారి ఉరవకొండ దగ్గర మా చీనీ తోట గట్టు మీద, నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి నేనేమీ చదవలేదని ఆ రెండోసారి అర్థమైంది.

మసనోబు ఫుకువోకా (1913–2008) యొకోహామా కస్టమ్స్‌లో మొక్కల తెగుళ్లు పరిశీలించే ఉద్యోగం వదిలేసి, షికోకు దీవిలోని సొంతూరికి తిరిగి వెళ్లిపోయినవాడు. దున్నొద్దు, ఎరువు వద్దు, కలుపు తీయొద్దు, మందు కొట్టొద్దు అన్నాడు. పుస్తకం జపనీస్‌లో 1975లో, ఇంగ్లీషులో 1978లో వచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోదామని నెలకోసారి అనుకునే నాలాంటి ఐటీవాడికి ఇంతకన్నా మత్తు పుస్తకం ఇంకోటి దొరకదు. పేజీ తిప్పుతుంటే రాజీనామా ఉత్తరం రాస్తున్నట్టే ఉంటుంది.

అందులో ఒక ఘట్టం ఉంది. కుర్రవాడు ఊరొచ్చి, తండ్రి నారింజ తోట చూసుకుంటానంటాడు. చెట్లు వాటంతట అవే పెరుగుతాయి కదా అని కత్తిరింపులు ఆపేస్తాడు. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, పురుగు పడుతుంది, తోట ఎండిపోతుంది. సహజంగా పెంచడం వేరు, పట్టించుకోకుండా వదిలేయడం వేరు అని అప్పుడు తెలిసిందంటాడు. పుస్తకం మొత్తంలో నిజాయితీగా ఒప్పుకున్న ఓటమి ఇదే. దాన్ని ఆయన నాలుగైదు వాక్యాల్లో దాటేస్తాడు. మొదటి చదువులో నేనూ దాటేశాను.

దాటేసి ఊరుకోలేదు, నాయనకి ఫోన్ చేశాను. రెండు వరసలు, ఇరవై నాలుగు చెట్లు, కత్తెర పెట్టకుండా వదిలేయమన్నాను. "ఏమప్పా, నీకు ఆ పుస్తకంలో రాసినారా?" అన్నాడు. రాసినారు అన్నాను. మూడేళ్లు వదిలేశాడు. నా మాట మీద గౌరవంతోనా, నా జీతం మీద గౌరవంతోనా అన్నది ఇప్పటికీ నాకు తెలీదు.

మా చీనీ అంటు చెట్టు. పైన బత్తాయి, కింద జంబేరి వేరు. అంటు కింద నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే జంబేరే పైకి లేస్తుంది. ముళ్లు, పుల్లటి కాయలు, మా తీపి కొమ్మల మీదుగా నీడ. ఉగాదికి వెళ్లి చూస్తే నాయన ఒకటే అన్నాడు, "ఇది చెట్టు కాదురా, కంపైపోయింది." తొమ్మిది చెట్లు పెరికేశాం. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

నా అభ్యంతరం ఇక్కడే. ఫుకువోకా "సహజ రూపం" అంటాడు. ఒక్క చిగురు కత్తిరించినా ఆ రూపం చెడుతుందని, తర్వాత జీవితాంతం కత్తిరిస్తూనే ఉండాలని అంటాడు. మరి అంటు కట్టిన చెట్టుకి సహజ రూపం ఏది? వేరుదా, కొమ్మదా? వరి అధ్యాయాల్లో ఇలా గాల్లో మాట్లాడడు. ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో, గడ్డిని తీర్చిదిద్దినట్టు కాకుండా ఎటుపడితే అటు ఎందుకు విసరాలో చెప్తాడు, చేతికి మట్టంటిన మనిషి వాక్యాలవి. నారింజ దగ్గరికొచ్చేసరికి తత్వవేత్త అయిపోతాడు. నష్టపోయిన చోటే ఎక్కువ వివరం కావాలి పాఠకుడికి.

కత్తెరకీ వదిలేయడానికీ మధ్య ఇంకో దారి ఉందని ఈ పుస్తకానికి పట్టదు. మా టీంలో ఒకడు విదేశాల్లో గంజాయి పెంచేవాళ్ల వీడియో చూపించాడు (మన దగ్గర జైలే, 1985 చట్టం ఉంది, కాబట్టి చూడటం వరకే). కోయకుండా, మెత్తటి తీగతో పైకొసని పక్కకి వంచి కడతారు. కొసలో తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగి పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుంది, కొస వంగగానే ఆ పట్టు సడలి పక్క కొమ్మలన్నీ లేస్తాయి. వాడు అదేదో కొత్త టెక్నాలజీలా చెప్తున్నాడు. మా నాయన లేత చీనీ కొమ్మల్ని పాత చీర పీలికలతో పక్కకి లాగి కట్టడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పీలిక వెడల్పుగా ఉండాలి, సన్న తాడైతే బెరడు కోసుకుపోతుంది. నేత ఊరు కాబట్టి పీలికలకి కొదవలేదు.

వాన లెక్క కూడా అడగాలి. ఆయన ఊళ్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. అనంతపురానికి 550 వస్తే సంబరం. ఇక్కడ "ఏమీ చేయకపోవడం" అంటే బోరు ఆపేయడం. నిజానికి మేం అదీ చేస్తాం, కానీ లెక్కేసి. చెట్టుని బెట్టకి వదిలి, ఆకు వాడినప్పుడు నీళ్లిస్తే పూత విరగబడి వస్తుంది. ఎర్రనేలలో కొద్దిరోజులే, నల్లరేగడిలో ఇంకొంచెం ఎక్కువ. ఒక వారం లెక్క తప్పితే చెట్టే పోతుంది. చెట్టుకి కరువుని ఇంత చెంచాతో కొలిచి పోసే రైతు మీద మన సీమ కథల్లో ఎందుకో పెద్దగా రాయలేదు. బోర్ల లోతు, అప్పుల లెక్క రాశారు. సింగమనేని నారాయణ లాంటివాళ్లు రాయకపోతే అదీ ఉండేది కాదు. పీలిక కట్టే చెయ్యి మాత్రం ఎక్కడా కనపడలేదు నాకు.

ఇంత చెప్పినా పుస్తకం పారేయమనను. వరి అధ్యాయాల కోసం మళ్లీ చదువుతాను.

మొన్న ఆ నారింజ తోట పేజీ నాయనకి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "వాళ్ల నాయన ఏమన్నాడంట?" అని అడిగాడు. పోయి ఏదన్నా ఉద్యోగం చూసుకోమన్నాడు, ఈయన కోచిలో పరిశోధనా కేంద్రంలో చేరాడు అని చెప్పాను.

"మంచి మాటే చెప్పినాడు పాపం" అని, పీలికలు తీసుకుని లేచాడు.